ఎడమకాలి సంగతి

గవర్రాజు స్కాన్ చేయించుకోకుండానే ఆసుపత్రి నుంచి వచ్చేశాడు. ఎవరితోనూ చెప్పలేదు. చేతికి కట్టిన పేరు పట్టీతో సహా సిటీ బస్సెక్కి, పెందుర్తిలో దిగి, ఇంటికి నడుచుకుంటూ వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. ఎల్లుండి గురువారం గుండెకు బైపాస్ ఆపరేషన్ పెట్టుకున్న మనిషి చేయవలసిన పనులా ఇవి?

వెనకాలే ఆటోలో వచ్చిన కూతురు శ్రీసత్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకు ఆయాసమూ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

"ఏటిది నాన్నా? స్కాన్ గదిలో పడుకోమంటే లేచి వచ్చీడమేటి?"

"ఏసీ ఎక్కువుంది. సలేసింది."

"సలేస్తే దుప్పటి అడగాలి గాని, బస్సెక్కీడమేనా?"

"రేపు సూద్దారి."

"రేపు ఎనిమిదింటికి అడ్మిట్ అవ్వాలి. గుండెకి మూడు సోట్ల మూసుకుపోయిందని సెప్పేరు కదా. ఒకదానికి ఛాతీలో ఉన్న నాళం సరిపోద్ది. మిగతా రెండింటికీ కాల్లోంచి తియ్యాలి. ఏ కాల్లో మంచి నాళం ఉందో సూడకుండా ఎలగ కోత్తారు?"

"కుడికాలు తీసుకోమను."

"అది మనం సెప్పేది కాదు."

"ఎడమకాలు వొద్దన్నాను. వొద్దంటే వొద్దు."

లుంగీని మడమల దాకా లాక్కున్నాడు గవర్రాజు. లుంగీ కింద మోకాళ్ళ వరకు బిగుతైన గోధుమరంగు మేజోళ్ళు ఉన్నాయి. మూడేళ్ళుగా అవి ఆయన ఒంటి మీదే ఉంటున్నాయి. క్రేను క్యాబిన్లో కొత్తగా ఏసీ పెట్టారనీ, కాళ్ళు లాగేస్తున్నాయనీ ఇంట్లో చెప్పాడు. భార్య వరహాలమ్మ మారు మాట్లాడకుండా రోజూ వాటిని ఉతికి ఆరేస్తూ వస్తోంది. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళుగా పైన క్రేనులో కూర్చుని ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల్ని ఎత్తి దించే మనిషికి కాళ్ళు లాగవంటే ఎవరు నమ్ముతారు?

ఆ సమయానికి వరహాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తండ్రీకూతుళ్ళ మాటలు వింటోంది గానీ తల ఎత్తలేదు.

శ్రీసత్యకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. ఆమె ఆ ఆసుపత్రిలోనే పరిశోధన విభాగంలో పనిచేస్తుంది. కాలి నాళాన్ని తీసి గుండెకు కుడితే కొందరికి అది ఏళ్ళ తరబడి తెరిచి ఉంటుంది, కొందరికి ఏడాదిలోపే మూసుకుపోతుంది. ఎందుకలా అన్నదే డాక్టర్ గురునాథరావు గారి పరిశోధన. నాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీస్తే మేలా, శుభ్రంగా ఒలిచి తీస్తే మేలా అని రెండు పద్ధతుల్నీ పోల్చి చూస్తున్నారు. పేషెంట్ల పాత జబ్బులన్నీ అడిగి ఫారం నింపడం, కాళ్ళు స్కాన్ చేయడం, కుట్టగా మిగిలిన అంగుళం ముక్కను సీసాలో వేసి ల్యాబుకు తీసుకెళ్ళడం, ఏడాది తర్వాత ఫోన్లు చేసి మళ్ళీ పిలిపించడం శ్రీసత్య పని. ఇప్పటికి అరవై ఒక్కమంది అయ్యారు. అరవై రెండోవాడిగా తండ్రి తనంతట తనే చేరాడు.

"మా అమ్మాయి పుస్తకంలో నా కాలు కూడా ఉండాలి" అని కాలనీ అంతా చెప్పుకుని తిరిగాడు కూడా.

సొంత తండ్రికి నువ్వు స్కాన్ చేయకూడదని డాక్టరు గారు ఆ పని వేరే ఆమెకు అప్పగించారు. ఫారం మాత్రం శ్రీసత్యే ఇంట్లో కూర్చుని నింపింది. కాళ్ళకు ఇంతకు ముందు ఏదైనా చికిత్స జరిగిందా అన్న చోట తండ్రి లేదన్నాడు. ఆమె లేదని రాసి, కింద సంతకం పెట్టింది.

గేటు చప్పుడైంది. వచ్చింది నూకాలు.

గవర్రాజుకు సొంత చెల్లెలు. మద్దిలపాలెం డిపో దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. ఈ ఇంటి గడప తొక్కి ఆరేళ్ళయింది. తన కొడుకు మణికంఠకు శ్రీసత్యను చేసుకుంటానని అడిగితే, పిల్ల చదువుకుంటుందని వరహాలమ్మ నలుగురిలో కాదంది. శవాల కాళ్ళు కొలిచే చదువుకి సంబంధాలొస్తాయా అని నూకాలు కూడా ఆ నలుగురిలోనే అనేసింది. మణికంఠకు వేరే పిల్లతో పెళ్ళయిపోయింది, ఒక బాబు కూడా పుట్టాడు. వదినామరదళ్ళిద్దరికీ మాత్రం మాటలు లేవు.

"వొదినా" అంది నూకాలు గుమ్మం బయటే నిలబడి.

వరహాలమ్మ చేతిలో చిక్కుడుకాయను రెండుగా విరిచింది. "రా" అంది.

నూకాలు లోపలికొచ్చి, సంచీ కింద పెట్టి, శ్రీసత్య ముందు చతికిలబడింది. ఉపోద్ఘాతం ఆమెకు అలవాటు లేదు. చీర కుచ్చిళ్ళు పిక్కల దాకా ఎత్తి రెండు కాళ్ళూ చాపింది.

"సూడమ్మా. నా కాల్లు బావున్నాయా నేదా? అన్నియ్యకి కాల్లో నరం కావాలంట గదా. నాది తీసీండి. బండి మీద కోడలుంతాది, నాను నెల్లాల్లు కూకున్నా పరవానేదు."

శ్రీసత్యకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అత్త పక్కన కూర్చుని కుచ్చిళ్ళు తనే సర్దింది.

"అత్తా, వేరేవాళ్ళది పనికిరాదు. ఒంట్లో ఇమడదు. ఎవరిది వాళ్ళకే కుట్టాలి."

"రత్తం పనికొత్తాది, కిడ్నీ పనికొత్తాది. ఇదేటి పనికిరాకపోవడం?"

"పనికిరాదత్తా. నిజంగా. అయినా నాన్నకి రెండు కాళ్ళున్నాయి కదా, నీదేల?"

నూకాలు అన్నగారి వైపు తిరిగింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"సెప్పనేదా అన్నియ్యా?"

"నువ్వు నోరు ముయ్యి నూకాలూ."

"ఏల ముయ్యాలి? గుండె కోత్తన్నారు నీకు." మేనకోడలి వైపు తిరిగి మామూలు గొంతుతో చెప్పింది. "ఎడమకాల్లో ఏటీ నేదమ్మా. లేజరో ఏటో పెట్టి కాల్చీసారు. మూడేల్లయింది. నాను దగ్గరుండి సేయించేను."

శ్రీసత్య తండ్రి కాళ్ళ వైపు తిరిగి చూసింది.

కర్మాగారంలో క్రేను నడిపేవాళ్ళకు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. గవర్రాజు ఎడమ పిక్కలో నాళాలు ఉబ్బి మెలికలు తిరిగిపోయాయి. చూస్తే క్రేను దింపేసి కింద ఏదో పనిలో వేస్తారని ఆయన భయం. అలాంటి కాళ్ళున్నవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. పరీక్షకు ముందు రోజు పట్టీ గట్టిగా చుట్టుకుని, కాళ్ళ కింద రెండు తలగడలు పెట్టుకుని పడుకుని, పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి చూపించుకుంటే తేలికగా దాటేయవచ్చని తోటి పనివాడు కోటి చెప్పాడు. రెండేళ్ళు అలాగే దాటేశాడు. మూడో ఏడు పట్టీకి లొంగలేదు. మద్దిలపాలెంలో ఒక చిన్న క్లినిక్కుకు వెళ్ళి, లేజరుతో ఆ నాళాన్ని మూయించేసి, రెండు రోజులు చెల్లెలింట్లో పడుకుని వచ్చాడు. కాళ్ళకు మేజోళ్ళు అప్పటినుంచే.

"ఆ సంగతి ఆసుపత్రి కాగితంలో రాస్తే ప్లాంటుకి తెలీకుండా ఉంతాదా?" అన్నాడు గవర్రాజు నేల చూస్తూ. "మూడు నెల్లలో నాను మల్లీ క్రేనెక్కాల."

"గుండె కోసీసినోడిని క్రేనెక్కనిత్తారేటి?" అంది నూకాలు.

ఆ సంగతి గవర్రాజుకు తెలియక కాదు. ఇంకా నోటితో అనలేకపోతున్నాడంతే.

"మూసేసిన నాళం గుండెకి పనికిరాదు నాన్నా" అంది శ్రీసత్య మెల్లగా. "గురువారం అక్కడ కాలు కోసి, లోపల ఏం లేదని తెలిస్తే? అప్పటికి ఛాతీ తెరిచేసి ఉంతారు. నువ్వు సెప్పింది నమ్మి నాను సంతకం పెట్టేను."

అప్పుడు మాట్లాడింది వరహాలమ్మ.

"అయితే పాలకొండలో పెల్లి నేదన్నమాట."

కోటి మేనల్లుడి పెళ్ళికని చెప్పి గవర్రాజు వెళ్ళిన రెండు రోజులవి.

వరహాలమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా జరిపిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి చేతిలో ఒక పసుపుపచ్చ తాంబూలం సంచీ ఉంది. పెళ్ళికి వెళ్ళొచ్చిన గుర్తుగా గవర్రాజు తెచ్చిచ్చిన సంచీ అది. దాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది మా ఇంట్లో మేకుకుండీది" అంది నూకాలు గుర్తుపట్టి.

"పెల్లికొడుకు పేరు కోటి మేనల్లుడిది కాదు" అంది వరహాలమ్మ. "తేదీ సూత్తే అంతకుముందు ఏడాదిది. నాను సదవనని అనుకున్నారు. ఐదో తరగతి సదివేనండీ నాను."

"వరాలూ..."

"మూడేల్లు నానేటనుకున్నానో తెల్సా మీకు?"

తెలిసింది. గవర్రాజుకు అప్పుడు తెలిసింది. ఆయన ముఖం పాలిపోయింది. నూకాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకో ఇల్లు పెట్టేరనుకున్నాను. నైట్ డ్యూటీ అన్న పెతీసారీ అదే అనుకున్నాను. అడిగితే అవునంతారేమోనని అడగనేదు."

వరహాలమ్మకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. మూడేళ్ళు మోసిన బరువు దిగిపోయినందుకు హాయిగా ఉందని ఆవిడకే సిగ్గేసింది. ఆ హాయి వెనకాలే ఎక్కడలేని కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకుని నిదానంగా అడిగింది.

"సెల్లెలింటికి ఎల్తానంటే నాను వొద్దంతానా?"

"అంతావేమో అనుకున్నాను."

"అడిగేరా?"

"నేదు."

ఆవిడ మళ్ళీ గోడ దగ్గర కూర్చుని మిగిలిన చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. ఆ తర్వాత మొగుడితో మాట్లాడలేదు. కూర దించి, నూకాలుకు కంచం పెట్టి, "ఇంకొంచెం ఏసుకో" అంది. ఆరేళ్ళ తర్వాత ఆ ఇంట్లో నూకాలు అన్నం తింది. గవర్రాజుకు కూడా కంచం పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న నలుగురూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. దారి పొడుగునా నూకాలే మాట్లాడింది.

స్కాన్ గదిలో గవర్రాజు మేజోళ్ళు తనే విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. అరగంట పట్టింది. డాక్టర్ గురునాథరావు స్కాన్ కాగితాలు రెండుసార్లు చూసి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

"ఎడమకాల్లో నాళం పూర్తిగా మూసుకుపోయింది. మీకు తెలిసిందే. కుడికాల్లో మోకాలి కింద భాగం కూడా ఉబ్బి మెలికలు తిరిగింది. దాన్ని గుండెకు కుట్టను. మోకాలి పైన ఒక జాన ముక్క బాగుంది. అది ఒక బైపాస్‌కే వస్తుంది."

"రెండు కావాలన్నారు కదండీ" అన్నాడు గవర్రాజు.

"కావాలి."

శ్రీసత్య ఫారం తెచ్చి డాక్టరు గారి ముందు పెట్టింది. "సార్, ఇది నేను తప్పు రాశాను."

"రబ్బరు పెట్టకు. వైట్నర్ పూయకు. ఒక్క గీత కొట్టు. పాతది కనపడాలి. పక్కన ఉన్నది రాసి, ఈ రోజు తేదీ వేసి సంతకం పెట్టు."

ఆమె 'లేదు' మీద ఒక గీత కొట్టింది. పక్కన 'ఉంది. ఎడమకాలు, లేజరు, మూడేళ్ళ కిందట' అని రాసింది. తన అబద్ధం పక్కన కూతురు మళ్ళీ సంతకం పెట్టడం గవర్రాజు చూశాడు. నిన్నటినుంచి ఆయనకు కలిగిన సిగ్గంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

"అయితే సార్, నాను అరవై రెండోవాడిని కానా?"

"మా పరిశోధనకు రెండు నాళాలూ కాలి నుంచే రావాలండీ. మీరు అందులోకి రారు."

"ఓహో" అన్నాడు గవర్రాజు. కాలనీలో ఎంతమందికి చెప్పాడో లెక్క గుర్తొచ్చింది.

"ఇంకొక దారి ఉంది. ముంజేతిలో ఒక ధమని ఉంటుంది. కొందరికి అది తీసి వాడతాం. యాంజియోగ్రామ్ మీ కుడి మణికట్టులోంచి చేశారు కాబట్టి అక్కడ ధమని దెబ్బతిని ఉండొచ్చు, ఆ చెయ్యి వద్దు. ఎడమచెయ్యి చూడాలి."

గవర్రాజు ఎడమచేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. నిన్న లుంగీ లాక్కున్నట్టే లాక్కున్నాడు.

"ఈ చేత్తోనేనండీ నాను క్రేను నడిపేది. కుడిచెయ్యి సరుకు ఎత్తి దింపుద్ది. బండి మొత్తం నడిసేది ఈ చేత్తోనే."

"చెయ్యి పనిచేస్తుంది. బొటనవేలి దగ్గర కొన్నాళ్ళు తిమ్మిరి ఉండొచ్చు."

"క్రేనెక్కనిత్తారా?"

"ఆ మాట నేను ఇవ్వలేను గవర్రాజు గారూ. ఎక్కనివ్వకపోవచ్చు."

నిన్న చెల్లెలు అన్న మాటే. ఈసారి గవర్రాజు విన్నాడు. అద్దం తలుపు అవతల నూకాలు బెంచీ మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఇవతల మంచం పక్కన వరహాలమ్మ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క మాట లేదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో గవర్రాజు ఏ సంగతైనా తేల్చేసుకుని వచ్చి చెప్పేవాడు, లేదా చెప్పేవాడే కాదు.

"ఏటంతావు?" అని అడిగాడు భార్యను.

ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన ఎడమచేతి గడియారం విప్పి తన సంచీలో వేసుకుంది. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది.

"గుప్పిట గట్టిగా బిగించండి" అన్నారు డాక్టరు గారు. గవర్రాజు మణికట్టు మీద రెండు పక్కలా రెండు బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నారు. "చేతికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒక దారిని మేము తీసేసుకుంటే రెండోది చెయ్యి మొత్తానికి సరిపోవాలి. ఇప్పుడు రెండూ మూశాను. గుప్పిట విప్పగానే ఒకటి వదులుతాను. పది లెక్కపెట్టే లోపు అరచెయ్యి అంతా ఎర్రబడాలి."

"ఎర్రబడకపోతే?" అన్నాడు గవర్రాజు.

"ఈ చెయ్యి ముట్టుకోను. రెండు బైపాస్‌లతో సరిపెట్టి మూడోది అలాగే వదిలేయాలి. అది మీ గుండెకు సరిపోతుందని నేను చెప్పలేను. విప్పండి."

గవర్రాజు గుప్పిట విప్పాడు. ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన అరచెయ్యి సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. డాక్టరు గారు చిటికెనవేలి వైపు నొక్కిన తన బొటనవేలు తీశారు. లెక్కపెట్టాల్సింది శ్రీసత్య. ఆమె గోడ గడియారం వైపు చూసింది గానీ ముల్లు కనపడలేదు, కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఒకటి" అంది వరహాలమ్మ.

గవర్రాజు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చూపు అరచెయ్యి మీదే ఉంది.

"రెండు. మూడు."

చిటికెనవేలి కింద కొద్దిగా రంగు తిరిగింది.

"నాలుగు. ఐదు."

ఎరుపు అరచేతి మధ్య దాకా వచ్చింది. ఉంగరపు వేలు, మధ్యవేలు ఎర్రబడ్డాయి.

"ఆరు. ఏడు."

చూపుడువేలు ఎర్రబడింది. బొటనవేలూ దాని కింద మెత్తటి భాగమూ ఇంకా తెల్లగానే ఉన్నాయి. డాక్టరు గారు తల వంచి దగ్గరగా చూస్తున్నారు.

"ఎనిమిది."

రంగు అక్కడే ఆగిపోయింది.

"తొమ్మిది" అంది వరహాలమ్మ. ఆ తర్వాత అంకె ఆవిడ నోటి దాకా వచ్చి ఆగింది. పెదవులు బిగబట్టుకుని ఆ బొటనవేలి వైపే చూస్తూ నిలబడింది.

గవర్రాజు తన చెయ్యి చూసుకోలేదు. భార్య ముఖమే చూస్తున్నాడు.

"సెప్పీవే" అన్నాడు మెల్లగా. "ఏదైనా పరవానేదు. సెప్పీ."